లంకంతటికీ ఒకే ఆడ ఓటు

ఈ మధ్య పేపర్లో మన జిల్లాలో ఏ తాలూకాలో ఎందరు ఓటర్లున్నారో వరసగా వేశారు. నేను పేపరు నెమ్మదిగా చదువుతాను. యాభై ఏళ్ళు దగ్గరపడ్డాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఇప్పటికీ వరస కింద వేలు పెట్టుకోకపోతే కళ్ళు పక్క వరసలోకి జారిపోతాయి. ఏలూరుకి ఇంత, తాడేపల్లిగూడేనికి ఇంత, తణుకుకి ఇంత అని పెద్దపెద్ద అంకెలున్నాయి. ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ ఎందుకున్నాయో కింద వివరం కూడా ఇచ్చారు. జనం ఎక్కువున్న చోట ఓట్లు ఎక్కువ, తక్కువున్న చోట తక్కువ. అంతే.

నేను కాపురానికి వెళ్ళిన రోజుల్లో లెక్క ఇలా ఉండేది కాదు. అప్పుడు తెల్లవాళ్ళ పాలన. సర్కారుకి ఇంత శిస్తు కడితేనే ఓటు అని ఒక హద్దు పెట్టారు. అంత శిస్తు కట్టేవాడికి ఓటు, అతని పెళ్ళానికి ఓటు. చదవడం రాయడం వచ్చినవాళ్ళు అర్జీ పెట్టుకుంటే వాళ్ళకీ ఇచ్చేవారట. కాబట్టి నిండా మనుషులుండి కూడా ఓట్లు లేని ఊళ్ళుండేవి. కొల్లేట్లో మా లంక అలాంటిదే. అక్కడ మగవాళ్ళందరికీ కలిపి ఒక ఓటు, ఆడవాళ్ళందరికీ కలిపి ఒక ఓటు ఉండేవి. ఆ ఆడ ఓటున్న మనిషి కిందటి వేసవిలో పోయింది. ఏలూరు చేపల బజారులో లంక మనిషొకావిడ బుట్ట దించుకుంటూ ఆ సంగతి చెప్పింది.

ఆవిడ పేరు నేను రాయను. లంకంతా ఆవిణ్ణి పెద్దమ్మగారు అనేది. పుట్టినప్పుడు పెట్టిన పేరు అక్కడ ఒకే ఒక్కసారి బయటికి వచ్చింది. ఆ సంగతి చెబుతాను గాని, పేరు మాత్రం ఆవిడ దగ్గరే ఉండనిస్తాను.

పెద్దమ్మగారిని తలుచుకుంటే ముందు కనపడేది చుట్ట. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. అలా పెట్టుకునే మాట్లాడేది, వండేది, కోడళ్ళని కేకలేసేది. చుట్ట నోట్లో ఉండగా చెప్పిన మాటలు మేమెవరం పెద్దగా పట్టించుకునేవాళ్ళం కాదు. చుట్ట బయటికి తీసి చెప్పిందంటే మాత్రం చేతిలో పని ఆపి వినేవాళ్ళం.

లంకంటే చెరువులాంటి ఆ మహా జలంలో ఒక మెరక. ఇళ్ళన్నీ ఆ మెరక మీదే ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఎండాకాలం నీళ్ళు తీసినప్పుడు చుట్టూ నల్లమట్టి బయటపడుతుంది, అందులో వరి వేస్తాం. వానలు పడి ఏర్లు పొంగితే చేలన్నీ మునిగిపోతాయి, దోనె తప్ప దారి ఉండదు. పెద్దమ్మగారు పొద్దున్నే లేచి మెరక చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేది. వానాకాలంలో ఆ చుట్టు రోజురోజుకీ చిన్నదయ్యేది. తిరిగొచ్చి పొయ్యి రాజేస్తూ "ఇవాళ మన ఊరు ఇంకొంచెం చిక్కిపోయిందే అమ్మాయ్" అనేది. అదేదో ఇంట్లో మనిషి జబ్బు సంగతి చెబుతున్నట్టు ఉండేది.

ఆవిడ పుట్టిల్లు గూడెం వైపు కాలవ మీద ఊరు. బండిదారి, గట్టు మీద చెట్లు, ఎక్కడికి కావాలంటే అక్కడికి నడిచిపోగల నేల. ఆ ఊరు వదిలి ముప్ఫయ్యేళ్ళు దాటినా ఆవిడకి దోనె ఎక్కడం రాలేదు. దోనె అంటే తాటిమానులు తొలిచి జోడించిన పడవ. కాలు పెడితే పక్కకి ఒరుగుతుంది. లంకలో పిల్లలు కూడా దూకి ఎక్కేవాళ్ళు. ఆవిడ మాత్రం ఎవరి భుజమైనా పట్టుకోనిదే కాలు పెట్టేది కాదు. నేను కొత్త కోడల్ని, పక్కింటిదాన్ని, పైగా కాస్త ఎత్తరిని. అందుకని ఆవిడ ఎక్కడికి కదిలినా నన్ను కేకేసేది. నాకు ఆవిడ మాటలకన్నా ముందు ఆవిడ వేళ్ళ పట్టు తెలుసు.

గూడబాతుల్ని చూస్తే ఆవిడకి ఒళ్ళుమంట. శీతాకాలం గుంపులు గుంపులుగా వచ్చి వాలేవి. ఇంత రెక్క పెట్టుకుని ఇక్కడికే రావాలా, బుద్ధి లేని జాతి అని తిట్టేది.

మధ్యాహ్నం పూట ఆవిడ అరుగు మీద ఆడపిల్లలు బారులు తీరేవాళ్ళు. పేలు చూడటంలో, చిక్కు తీయడంలో ఆవిడ చెయ్యి అంత మెత్తన. ఒక పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని చూస్తుంటే ఆ పిల్ల నిద్రపోయేది. లంకలో ఏ పెళ్ళికూతురికైనా మొదట నూనె అంటేది ఆవిడే. పెళ్ళయి వెళ్ళిన పిల్లలు పురిటికి వచ్చినా, ముందు ఆవిడ దగ్గర తల పెట్టి గాని ఇంట్లోకి పోయేవాళ్ళు కాదు.

ఆవిడ భర్తని లంకంతా పెద్దాయన అనేది. మనిషి చెడ్డవాడు కాడు. వరదొస్తే అందరి ధాన్యం మెరక మీదికి ఎత్తించాకే తన ధాన్యం సంగతి చూసుకునేవాడు. కానీ అన్నీ ఆయన చెప్పినట్టే జరగాలి. ఆయన ఏది చెప్పినా పెద్దమ్మగారి జవాబు ఒకటే. "అలాగేలెండి." ఎదురింటి పిల్లకి ఫలానా సంబంధం చేద్దామన్నా అలాగేలెండి, పుట్టింటికి ఈ ఏడు వెళ్ళద్దన్నా అలాగేలెండి. కొన్నాళ్ళకి మాకు తేడా తెలిసింది. 'లెండి' దగ్గర గొంతు కిందికి దిగితే నిజంగానే సరే అన్నట్టు. పైనే నిలిచిపోతే ఆ పని జరగదు. ఎందుకు జరగదో, ఎవరు జరగనివ్వలేదో ఎవరికీ తెలియదు. పెద్దాయనకి ఆ తేడా తెలుసని మేమెవరం అనుకోలేదు.

మా లంకలో ఒక పద్ధతి ఉండేది. కొల్లేటి నేల మీద శిస్తు అంతా ఒకే పేరున కట్టేవాళ్ళు. తాతల నాటి నుంచీ అంతే. వరదలో పంట పోయిన ఏడు శిస్తు మాఫీ చెయ్యమని ఒక్కడు అర్జీ పెడితే సరిపోతుంది, ఇంటింటికీ వచ్చి జప్తు చేసే బాధ ఉండదు. అందుకని ఊరి పెద్ద ఎవరైతే వారి పేరునే కాగితం, లోపల ఎవరి వాటా వారిది. పెద్దాయన కర్రతో గీసి చూపించిందే హద్దు. మెరకకి మూడోపక్క మాకు చేను ఉండేది. అది మాదే అని చెప్పడానికి మా ఆయన దగ్గర పెద్దాయన మాట తప్ప ఏమీ లేదు.

ఆ పద్ధతిలో ఉన్న ఉచ్చు మాకు రెండు విధాలుగా తెలిసింది. చివరి ఇంట్లో ఒకావిడ ఉండేది, మొగుడు పాము కరిచి పోయాడు, చంటిపిల్లాడు. ఆ ఏడు దున్నేవాడు లేడని పెద్దాయన ఆమె వాటాని ఇంకొకరికి కలిపాడు. పిల్లాడు పెద్దయ్యాక చూద్దాం అన్నాడు. ఆమె ఎవర్ని అడుగుతుంది, ఏం చూపించి అడుగుతుంది? అవతలి గట్టున నాట్లకి కూలికి పోవడం మొదలుపెట్టింది. అప్పటినుంచీ లంకలో ప్రతి ఆడదీ తన మొగుడు దగ్గినా ఉలిక్కిపడేది.

రెండోది ఓట్ల వ్యవహారం. ఆ వేసవిలో కరణంగారూ, ఏలూరు ఆఫీసు నుంచి ఒక గుమాస్తా దోనెలో వచ్చి పెద్దాయన అరుగు మీద కూర్చున్నారు. ఎవరెవరు ఎంత శిస్తు కడుతున్నారో చెప్పండి, ఓట్లు రాసుకోవాలి అన్నారు. సర్కారు మనిషి కాగితాలు తెరిచేసరికి మావాళ్ళకి కొత్త పన్ను వస్తోందన్న భయం పట్టుకుంది. ఒక్కొక్కరే ముందుకొచ్చి, మాకేం లేదండీ, అంతా పెద్దాయనదేనండి అని చేతులు కట్టుకుని చెప్పారు. మా ఆయన కూడా అదే చెప్పాడు. గుమాస్తా మళ్ళీ మళ్ళీ అడిగాడు, ఇంత ఊళ్ళో ఇంకెవరూ లేరా అని. లేరండి అన్నారు. చాలా తెలివిగా తప్పించుకున్నామని ఆ సాయంత్రం అందరూ సంతోషపడ్డారు.

గుమాస్తా పెద్దాయన పేరు రాసుకుని, భార్యకి కూడా ఓటుంటుంది, ఆవిడ పేరేమిటండీ అన్నాడు. పెద్దాయన కాసేపు ఆలోచించాడు. ఆయన ఆవిణ్ణి ఏమే అనేవాడు, మేము పెద్దమ్మగారు అనేవాళ్ళం. "పెద్దమ్మ అని రాయండి, ఊరంతా అలాగే పిలుస్తుంది" అన్నాడు చివరికి. గుమాస్తా కలం ముంచాడు. తలుపు చాటున మేము ఐదారుగురం ఉన్నాం. పెద్దమ్మగారు నోట్లోంచి చుట్ట తీసింది. తీసి, తలుపు ఇవతలి నుంచే గట్టిగా తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా.

బయట గుమాస్తా రాసుకున్న చప్పుడు వినపడింది. ఆ పేరు ఎంత బాగుందంటే, అది ఆవిడదంటే మాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఆవిడ మేనల్లుడి పెళ్ళికి పుట్టింటికి వెళ్ళి వచ్చింది. అక్కడ వదినలిద్దరికీ ఓట్లున్నాయట. ఎదురింటి వాళ్ళకీ, వెనకింటి వాళ్ళకీ ఉన్నాయట. గానుగ ఆడించేవాడి పెళ్ళానికి కూడా ఉందట. గణపవరం వైపు ఊళ్ళలోనూ అంతేనట. కాలవ కింద ఎవరి పొలం వారి పేరున ఉంటుంది, ఎవరి శిస్తు వారు కడతారు, అందుకని ఇంటికి రెండేసి ఓట్లు. పెద్దమ్మగారు చుట్ట తీసి చెప్పింది. "మా పుట్టింటి వీధిలో ఉన్నన్ని ఓట్లు ఈ కొల్లేట్లో లేవే. మనం తక్కువమందిమై కాదు. మనకి పేర్లు లేవు."

ఆడవాళ్ళకి బుర్ర తిరిగింది. చివరింటావిడ చేను గుర్తొచ్చింది. ఎవరి వాటా వారి పేరున రాయించమని మొగుళ్ళని పోరు పెట్టారు. మగవాళ్ళు వెళ్ళి పెద్దాయనతో నసిగారు. ఆయన కోప్పడలేదు. "కాగితం చీలిస్తే ఊరు చీలుతుందిరా" అన్నాడు. అంతటితో ఆగిపోయింది.

చలికాలంలో ఎన్నికలన్నారు. మద్రాసు సభకి. ఒక పక్షం వాళ్ళు దోనెల్లో వచ్చి, తాము గెలిస్తే ఎవరు దున్నే చేను వారి పేరున రాయిస్తామని చెప్పి వెళ్ళారు. రెండో పక్షం మనిషి పెద్దాయనకి స్నేహితుడు. ఉన్నది ఉన్నట్టే ఉంటుందని ఆయన మాట. చదువు రానివాళ్ళ కోసం ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెట్టె పెడతారట. వాటాలు రాయిస్తామన్నవారిది తెల్ల పెట్టె, స్నేహితుడిది ఎర్ర పెట్టె.

లంకలో ఓటున్న ఆడది ఒక్కతే. మిగతా ఆడవాళ్ళందరూ రేవులో ఆవిణ్ణి చుట్టుముట్టారు. మా తోడికోడలికి నోరెక్కువ. "పెద్దమ్మగారండీ, మా అందరి ఓటూ మీ చేతుల్లో ఉందండి. మీకసలే దోనె ఎక్కడం రాదు. నీళ్ళలో పడేసేరు" అంది. "నేను మునిగితే ఓటు మాత్రం తేలుతుందా ఏంటే" అంది ఆవిడ. అందరూ నవ్వారు. చివరింటావిడ నవ్వలేదు. పిల్లాణ్ణి చంకలోంచి దించి ఆవిడ పక్కన నిలబెట్టింది.  పెద్దమ్మగారు ఆ పిల్లాడి జుట్టు వేళ్ళతో దువ్వుతూ, తెల్ల పెట్టే కదే, అలాగేలెండి అంది. మాతో ఆ మాట అంతకుముందు ఎప్పుడూ అనలేదు. లెండి దగ్గర గొంతు ఎటు పోయిందో మాకెవరికీ పట్టుబడలేదు.

ఓటుకి రెండు రోజుల ముందు నేను వాళ్ళ పెరట్లో బియ్యం చేటతో చెరుగుతున్నాను. మా తోడికోడలూ ఉంది. పెద్దాయన భోంచేసి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుని, ఎర్ర పెట్టె, మర్చిపోకు అన్నాడు.

"అలాగేలెండి."

ఆయన ఆవిడ వంక చూశాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ మాటతో సరిపెట్టుకున్న మనిషి, ఆ రోజు సరిపెట్టుకోలేదు. "ఆ మాట కాదు. నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు" అన్నాడు. తలగుడ్డ విప్పి పక్కన పెట్టి, తల వంచాడు.

మా పక్క ఒట్టుల్లోకెల్లా పెద్దది అది. తప్పితే ఆ నెత్తి ఉండదు. మా చేతుల్లో చేటలు ఆగిపోయాయి. పెద్దమ్మగారు చుట్ట తీసి గోడవారన పెట్టింది. చెయ్యి పైటకి తుడుచుకుంది. ఆయన నెత్తి మీద పెట్టి "ఎర్ర పెట్టెలోనే వేస్తానండి" అంది. చెప్పాక కూడా చెయ్యి తీయలేదు. ఆయనే తల పక్కకి జరుపుకున్నాడు.

ఆ సాయంత్రానికల్లా లంకంతా తెలిసిపోయింది. కొల్లేట్లో తలారా మునిగితే ఒట్టు పోతుందని ఒక ముసలమ్మ ఉపాయం చెప్పింది. ఈ చలిలో నేను మునగలేనమ్మా అంది పెద్దమ్మగారు.  ఆడవాళ్ళు మళ్ళీ రేవులో ఆ మాట ఎత్తలేదు. కాని ఆవిడ ఎటు వెళితే అటు కళ్ళు వెళ్ళేవి. ఇంట్లో ఆయన, బయట మేము. ఆ రెండు రోజులూ ఆవిడ మెరక చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో.

ఓట్లు అవతలి గట్టున బడిలో పెట్టారు. ముందు దోనెలో పెద్దాయనా మగవాళ్ళూ, వెనక దోనెలో పెద్దమ్మగారూ నేనూ. ఓటు లేకపోయినా భుజం ఉంది కదా అని నన్ను తీసుకెళ్ళింది. ఆవిడ ఎప్పుడూ వెళ్ళే వైపు వీపు పెట్టి, లంక వైపు చూస్తూ కూర్చునేది. ఆ రోజూ అలాగే కూర్చుంది. రేవులో నిలబడ్డ ఆడవాళ్ళు కనపడినంతసేపూ చూస్తూనే ఉంది. వాళ్ళూ లోపలికి పోలేదు.

బడి ముందు జాతరలా ఉంది. గట్టు ఊళ్ళ నుంచి ఎడ్లబళ్ళలో ఆడవాళ్ళు దిగుతున్నారు. కొత్త చీరలు, తలలో చేమంతులు. ఒక్కొక్క ఊరిదే ఒక్కొక్క వరస, ఆ వరస ప్రహరీ దాటి కాలవగట్టు దాకా ఉంది. పెద్దమ్మగారి వెనక నిలబడ్డ ఒక పెద్దావిడ, మాది కొల్లేటి లంకని తెలుసుకుని మర్యాదగా అడిగింది. "మీ ఊరివాళ్ళింకా రాలేదా అండి?"

"వచ్చేశారండి" అంది పెద్దమ్మగారు.

ఆ పెద్దావిడ మా చుట్టూ చూసింది, ఇంకెవరైనా కనపడతారేమోనని.

నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు. పెద్దమ్మగారు లోపలికి వెళ్ళింది. ఆవిడ తర్వాత వెళ్ళినవాళ్ళు ఇద్దరు బయటికొచ్చినా ఆవిడ రాలేదు. లోపలి నుంచి ఎవరో, త్వరగా కానివ్వండమ్మా అన్నారు. వచ్చాక, కాళ్ళకింద ఎండునేలే అయినా నా భుజం పట్టుకుంది. బయట ఎడ్లబళ్ళ దగ్గర పెద్దాయన నిలబడి ఉన్నాడు. వేశావా అని అడిగాడు. వేశానండి అంది. ఆయన ఇంకేదో అడగబోయి, చుట్టూ జనం ఉన్నారని ఊరుకున్నాడు.

లంకలో దిగేసరికి ఆడవాళ్ళందరూ రేవులోనే ఉన్నారు.  ఆవిడ మొహం వైపు చూశారు. ఆవిడ చుట్ట వెలిగించి నోట్లో పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. నోటితో చెబితే ఒట్టు తప్పినట్టు బయటపడుతుంది కదా, అందుకే చెప్పలేదు అనుకున్నాం. మేం అనుకున్నది అంతే.

తెల్ల పెట్టె ఆయన గెలిచాడు. లంకలో మా ఆడ ఓటుతోనే గెలిచాడన్నంత సంబరం. పెద్దాయన నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. గెలిచినాయన మళ్ళీ లంకకి రాలేదు. అది వేరే సంగతి.

ఆ వానాకాలం ఏర్లన్నీ ఒకేసారి పొంగాయి. మెరక చుట్టూ నాలుగిళ్ళ మేర తప్ప అంతా నీళ్ళు. పెద్దాయనకి చలిజ్వరం పట్టుకుంది. ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్దామంటే గాలికి దోనె నిలవడం లేదు. రెండుసార్లు ఎక్కించి, రెండుసార్లూ దించారు. పెద్దమ్మగారు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూడోసారి గాలి కాస్త తగ్గిందని మనుషులు తెడ్లు పట్టుకుని వచ్చేసరికి ఆయన లేడు.

ఎవరూ పైకి అనలేదు. ఒట్టు తగిలిందన్న మాట ఇళ్ళలోపలే తిరిగింది. ఆవిణ్ణి తప్పు పట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. అది ఇంకా ఘోరం. పాలు, చేపలు, పిడకలు అన్నీ ఆవిడ గుమ్మంలోకి వచ్చేవి. ఆవిణ్ణి నీళ్ళు మోయనిచ్చేవాళ్ళు కాదు. చివరింటావిడ వెళ్ళి పెరడు ఊడ్చి వచ్చేది. మనకోసం అంత పని చేసిన మనిషికి మనం ఎంత చేసినా తక్కువే అనేది. కాని మధ్యాహ్నం పూట ఆ అరుగు ఖాళీగా ఉండేది. ఒక పిల్ల అలవాటు కొద్దీ పరిగెత్తుకుని వెళ్ళి ఆవిడ ముందు జుట్టు విప్పుకుని కూర్చుంటే, తల్లి వెనకే వచ్చింది. "మీకెందుకండీ శ్రమ, నేను దువ్వుతాను లెండి" అని పిల్లని చెయ్యిపట్టుకుని లేపింది. పెద్దమ్మగారి చెయ్యి అప్పటికే సగం దూరం వచ్చి ఉంది. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు గాలిలోనే ఉంచింది.

ఆ తర్వాత ఆవిడ ఎవరి తల మీదా చెయ్యి వెయ్యలేదు. దోనె ఎక్కడం కూడా మానేసింది.

నీళ్ళు తీశాక కరణంగారు మళ్ళీ గుమాస్తాని వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్దాయన పోయాడు కాబట్టి కాగితం ఎవరి పేరున మార్చాలి అని. మగవాళ్ళందరూ చేతులు కట్టుకుని, పెద్దమ్మగారి పేరున రాయండి, ఆవిడే మాకు దిక్కు అన్నారు. మళ్ళీ అదే. ఈసారి ఆవిడ తలుపు చాటున నిలబడలేదు. బయటికి వచ్చి అరుగు అంచున నిలబడింది.

"ఎవరిది వాళ్ళ పేర్న రాయండి" అంది.

కరణంగారు నచ్చజెప్పబోయాడు. గుమాస్తా లెక్క వేసి చూసి, అలా చీలిస్తే ఏ వాటా శిస్తూ ఓటు హద్దుకి రాదండి, ఈ లంకలో ఒక్క ఓటూ మిగలదు, మీదీ పోతుంది అన్నాడు. కలిసుంటే ఒకటి, విడిపోతే సున్నా. మగవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. అందులో ఒకరు మెల్లగా, మరి అలాంటప్పుడు అన్నారు.

"చేను పోదు కదా?" అంది ఆవిడ.

"చేను ఎవరిది వాళ్ళదేనండి. దానికి కాగితం ఉంటుంది."

"అయితే రాయండి. చివరింటి అమ్మాయి వాటా ముందు రాయండి. ఓటు నాకు ఒక్కసారి చాలు."

రాశారు. మా మూడోపక్క చేను మా ఆయన పేరున పడింది. ఆ తర్వాత వచ్చిన ఓటర్ల చిట్టాలో గణపవరం వైపు ఊళ్ళకి పేజీలు పేజీలు ఉంటే, మా లంకకి ఒక్క పేరూ లేదని కరణంగారే చెప్పాడు. మాకు స్వాతంత్ర్యం వచ్చేదాకా ఓట్లు లేవు.

కొన్నాళ్ళకి మా ఆయనకి ఏలూరులో జనపనార మిల్లులో పని దొరికింది. చేను తమ్ముడికి అప్పగించి బయల్దేరాం. దోనెలో సామాను సర్ది, నన్ను గట్టు దాకా దిగబెట్టడానికి మా తోడికోడలూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ ఎక్కి కూర్చున్నారు. నేను పెద్దమ్మగారికి చెప్పి వస్తానని వెళ్ళాను. పెరట్లో చేపలు ఎండబెడుతోంది. నాకు పెద్ద మాటలు రావు. మీరు మాకోసం చేసింది మేం మర్చిపోమండి, మా చేనంటూ ఒకటుందంటే మీ వల్లే, అందుకు మీకు జరిగింది కూడా మాకు తెలుసండి అని కాళ్ళకి దండం పెట్టబోయాను. ఆవిడ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"నాకేం జరిగిందే?" అంది.

నేను తడబడ్డాను. ఆవిడ నోట్లో చుట్ట లేదు. ఆ రోజు అసలు వెలిగించలేదు.

"పెట్టెలు రెండూ పక్కపక్కనే ఉన్నాయే. ముందు తెల్లదాని దగ్గరికే వెళ్ళాను. కాగితం దాని నోట్లో సగం పెట్టాను కూడా. మీరంతా రేవులో నిలబడ్డది కళ్ళలోనే ఉంది. కాని ఈ అరిచెయ్యి ఉంది చూడు, దీనికి ఆయన నెత్తి వెచ్చగా తగులుతూనే ఉంది. ఇక్కడే, చేతికింద. ఎలా వెయ్యనే? తీసి ఎర్రదాంట్లో వేశాను."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఒట్టు తప్పలేదే నేను. ఆయన బతకాలని ఎర్రదాంట్లో వేశాను. బతకలేదు" అంది.

దోనెలోంచి మా తోడికోడలు కేకేస్తోంది, గాలి మారుతోంది రమ్మని. నేను కదల్లేదు. మరి మీరెందుకు చెప్పలేదండీ, ఇన్నాళ్ళూ అందరూ మిమ్మల్ని అని ఆగిపోయాను.

"ఏమని చెప్పను? మొగుణ్ణి నేను చంపలేదర్రా అని చెప్పాలంటే, మిమ్మల్ని నేనే ముంచానని చెప్పాలి. రెంటిలో ఏది చెబితే బతకనిస్తారే నన్ను? అందుకని మీరనుకున్నదే ఉండనిచ్చాను." మళ్ళీ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది. "నేను పోయేదాకా ఎవరికీ చెప్పకు. పోయాక నీ ఇష్టం. వెళ్ళు, గాలి మారితే దాటలేరు."

నేను వచ్చి దోనె ఎక్కాను. మెరక వెనక్కి పోతోంది. ఆవిడ బయటికి రాలేదు. పెరటి తడిక పైన ఆవిడ తల మాత్రం వంగుతూ లేస్తూ కనపడింది.

"అంతసేపు ఏం చెప్పిందే?" అంది మా తోడికోడలు.

జాగ్రత్తగా వెళ్ళమన్నారు అన్నాను.

ఆమె లంక వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "మహాతల్లి. మనకోసం పసుపుకుంకాలు పోగొట్టుకుంది."

మిగతా ఇద్దరూ కళ్ళు తుడుచుకుని నా వైపు చూశారు. అవునన్నాను.